లెక్కల మేష్టారి వెనక చక్రం

ఆకురాయి మామయ్య పాత చక్రాన్ని మార్చడు. ఆయన గురించి ఈ ఒక్కటి తెలిస్తే సగం మనిషి అర్థమైనట్టే. మిగతా సగం ఆయన భార్యకే ఇంకా అర్థం కాలేదు. సైకిలు వెనక చక్రానికి కొత్త గేరు సరిపోకపోతే లోకంలో ఏ మెకానిక్కయినా "చక్రం పాతదైపోయిందండీ, మార్చేద్దాం" అంటాడు. మామయ్య అలా అనడు. తప్పంతా కొత్తదానిదేనని అక్కడికక్కడే తీర్పు చెప్పి, దాన్ని బల్ల అంచున ఉన్న వైసు ఇనప దవడల మధ్య బిగించి, ఆకురాయి చేతిలోకి తీసుకుని, అది దారికొచ్చేదాకా అరగదీస్తాడు.

ఊరందరికీ ఆయన మామయ్యే. ఆ పిలుపు మీద అసలైన హక్కున్నది మాత్రం మేనకోడలికి. పనిచేసే ఆఫీసు మూతపడటంతో ఆమె మూడేళ్ళ క్రితం ఈ సైకిలు షాపులోకి వచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే నేల కడిగి, సామాన్లకు డబ్బాలు పెట్టి, డబ్బాలకు పేర్లు అంటించింది. వచ్చిన ప్రతి సైకిలుకీ ఒక చీటీ కట్టి, దాని మీద 'ఇవ్వవలసిన రోజు' అని రాసి పక్కన ఖాళీ వదిలింది. మామయ్య ఆ చీటీలన్నిటినీ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, బాగున్నాయన్నాడు. ఆ ఖాళీలు ఈనాటికీ ఖాళీగానే ఉన్నాయి.

ఎందుకంటే "ఎప్పుడిస్తారు?" అని అడిగేవాళ్ళకు ఆయన దగ్గరున్నది ఒకటే జవాబు. మొన్నామధ్య బేకరీ ఆయన వచ్చి, తన సైకిలు సంగతేమిటని అడిగాడు.

"ఇంకా ఒప్పుకోలేదు," అన్నాడు మామయ్య.

"ఎవరు?"

"మీ గేరు."

"నేను ఒప్పుకుంటున్నాను కదండీ. చక్రం మార్చేసి కొత్తది వేసెయ్యండి."

"మీరు ఒప్పుకుంటే ఎలా? అది ఒప్పుకోవాలి."

"మూడు వారాలైందండీ."

మామయ్య ఆకురాయి కింద పెట్టి ఆయన వంక చూశాడు. "మీ పెళ్ళికి మీ మామగారు ఎన్నాళ్ళకి ఒప్పుకున్నారు?"

బేకరీ ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఏడాదిన్నర."

"మరి?" అని మామయ్య మళ్ళీ పనిలో పడ్డాడు. బేకరీ ఆయనకి అందులో లోపం ఎక్కడుందో దొరకలేదు. ఇంటికి నడిచి వెళ్ళాడు.

ఒప్పుకోకపోవడం అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. వెనక చక్రం నడుమ గొలుసు ఎక్కే పళ్ళ బిళ్ళలు కొన్ని వరసగా ఉంటాయి. పళ్ళు తక్కువున్న చిన్న బిళ్ళ మీద గొలుసు ఉంటే బండి వేగంగా పోతుంది; పళ్ళు ఎక్కువున్న పెద్ద బిళ్ళ మీద ఉంటే ఎక్కువసార్లు తొక్కాలి గాని ఎత్తు సులువుగా ఎక్కుతుంది. ప్రతి బిళ్ళకీ లోపలి అంచున తొమ్మిది చిన్న నాలుకలు. అవి దిగడానికి ఇరుసు చుట్టూ ఉండే చక్రం హబ్బు మీద తొమ్మిది గాట్లు. పాతకాలం హబ్బులకి తొమ్మిది గాట్లూ ఒకే వెడల్పు. తరవాత వచ్చినవాళ్ళు బిళ్ళని ఎవరూ తప్పుగా ఎక్కించకూడదని ఒక నాలుకని వెడల్పు చేసి పెట్టారు. అందుకని కొత్త బిళ్ళని పాత హబ్బు మీద పెడితే ఎనిమిది నాలుకలు మర్యాదగా లోపలికి వస్తాయి, తొమ్మిదోది గుమ్మంలో నిలబడి పేచీ పెడుతుంది.

మామయ్య దృష్టిలో ఇది యంత్రానికి సంబంధించిన సంగతి కాదు, పెంపకానికి సంబంధించింది. "వెడల్పు నాలుక," అనేవాడు బిళ్ళని వెలుతురుకి ఎత్తి పట్టుకుని. "పెద్దవాళ్ళున్న ఇంటికి వచ్చినప్పుడు ఎలా ఉండాలో దీనికి ఎవరూ చెప్పలేదు."

కొత్తొక వింత, పాతొక రోత అని ఎవరో ఆయన ముందు సామెత చెప్పారు. మామయ్య ఆ పూటంతా ఆలోచించి, సాయంత్రం షాపు మూసేటప్పుడు జవాబు చెప్పాడు. "ఆ మాట అన్నవాడికి సైకిలు ఉండి ఉండదు."

ఈ సూత్రం షాపుతో ఆగిపోయి ఉంటే అత్తయ్య జీవితం సుఖంగా గడిచేది. ఇంటికి కొత్త క్యాలెండరు వస్తే మామయ్య ముందు గోడ మీద పాత క్యాలెండరు వదిలిన తెల్లటి మచ్చని కొలుస్తాడు. ఆ మచ్చకి సరిపోయేలా కొత్త క్యాలెండరుని కత్తిరిస్తాడు. ఒక ఏడు అలా ఆదివారాల వరస మొత్తం తెగిపోయింది. అత్తయ్య అడిగితే, "శనివారం తరవాత వచ్చేది ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు కదా," అన్నాడు. నిజమే కాబట్టి ఆమె ఊరుకుంది.

ఆయన పై పళ్ళు ఊడిపోయినప్పుడు పళ్ళ డాక్టరు కట్టుడు పళ్ళు చేసి ఇచ్చి, నాలుగు రోజులు పెట్టుకుంటే నోరే అలవాటు పడుతుందని చెప్పాడు. అంటే పాత నోరు కొత్త పళ్ళకి సర్దుకోవాలన్నమాట. మామయ్య ఆ మాట విని డాక్టరు మీద జాలిపడ్డాడు. షాపుకి వచ్చి, పళ్ళ సెట్టుని శుభ్రమైన గుడ్డలో చుట్టి వైసులో పెట్టి, అన్నిటికంటే సన్నటి ఆకురాయితో ఒక మధ్యాహ్నమంతా ఒప్పించాడు. వారం తరవాత డాక్టరు చూసి, ఇంత చక్కగా కూర్చున్న సెట్టు తన చేతుల మీదుగా ఇంతవరకూ వెళ్ళలేదని సంతోషించాడు. మామయ్య ఆయన సంతోషాన్ని చెడగొట్టలేదు.

మేనకోడలు మొదట్లో వాదించేది. "పాతదైపోయింది కదా మామయ్యా ఈ చక్రం. పుల్లలు తుప్పు పట్టాయి, రిమ్ము అరిగింది. తీసి అవతల పారెయ్యక దీనికి ఎందుకింత సేవ?"

మామయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించేవాడు. "పాతదాన్ని పాతదని అనకమ్మాయ్. వింటుంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదన పెట్టుకోవడం దండగని ఆమె ఆరు నెలల్లో తెలుసుకుంది. చక్రం సంగతి ఎలా ఉన్నా తాను మాత్రం ఈ షాపుకి వచ్చిన కొత్త భాగాన్నేనని, తన నాలుక కూడా కాస్త అరిగిందని ఆమెకి అప్పుడప్పుడు అనిపించేది.

ఆ షాపుకి వచ్చే చక్రాలన్నిటిలోకీ గౌరవం లెక్కల మేష్టారి వెనక చక్రానిది. అది నలభై ఏళ్ళ చక్రం. మేష్టారు దాని మీదే రోజూ బడికి వెళ్ళేవారు. ఊరి చివర కల్వర్టు దాటగానే మిట్ట మొదలవుతుంది. అక్కణ్ణుంచి బడి గేటు దాకా ఒకటే ఎత్తు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చదును లేదు. మేష్టారు కల్వర్టు దగ్గర ఒకటి అని మొదలుపెట్టి గేటు దగ్గర రెండు వందల నలభై అని ముగించేవారు. అన్ని తొక్కుళ్ళు. క్లాసులో అల్లరి ఎక్కువైతే, "రెండు వందల నలభై తొక్కి వచ్చాను, ఊరికే రాలేదు," అనేవారు. మేనకోడలు కూడా ఆయన దగ్గర చదువుకున్నదే. ఎక్కాలు మరిచిపోయిందేమో గాని ఆ అంకె మరిచిపోలేదు.

ఎనిమిదేళ్ళ క్రితం ఆయనకి వయసు నిండి వీడ్కోలు సభ చేశారు. కాని లెక్కలకి మరొకరు దొరకలేదు. దొరికేదాకా వస్తానన్నారు మేష్టారు. ఆ మిట్ట ఈ వయసులో కష్టమేమోనని హెడ్మాస్టరు మర్యాదకి ఒక మాట అన్నాడు. అనకుండా ఉండాల్సింది. మేష్టారు లేచి నిలబడి, సభ మొత్తానికీ వినపడేలా చెప్పారు. "ఆ మిట్ట మీద నా కాలు నేలకి ఆనిన రోజు నుంచి నేను చాక్‌పీసు ముట్టను."

ఇంకెవరైనా అంటే ఊరు మరిచిపోయేది. మేష్టారి మాట అలాంటిది కాదు. ఒకసారి ఒక హోటల్లో కాఫీ చల్లగా ఉందని, ఇక ఈ గుమ్మం ముఖం చూడనని అన్నారు. ఆ తరవాత పదిహేనేళ్ళు ఆ వీధిలోకే రాకుండా చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళారు. హోటలు మూతపడి అక్కడ మందుల షాపు వచ్చింది. గుమ్మం అదే కదా అని ఇప్పటికీ తిరిగే వెళ్తారు.

చాక్‌పీసు లేని మేష్టారు ఎలా ఉంటారో ఊరు ఏటా సెలవుల్లో చూస్తూనే ఉంది. భార్య పోయాక ఆ ఇంట్లో గడియారం తప్ప మాట్లాడే వస్తువు లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం మెట్టు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళని లెక్కపెట్టేవారు. సాయంత్రానికి మొత్తం తేలేది. ఆ మొత్తం చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు. బడి తెరిచిన రోజున అదే మనిషి పదేళ్ళు చిన్నవాడై కనిపించేవారు.

సెలవులిచ్చిన మర్నాడు ఆయన సైకిలు షాపుకి వచ్చేది. ప్రతి ఏడూ అవే మాటలు.

"నూనె వెయ్యి మేస్త్రీ, చాలు. ఏమీ మార్చకు."

"నేను మారుస్తానా మేష్టారూ?"

"అదే చక్రం, అదే గేరు. నలభై ఏళ్ళుగా ఎక్కుతున్నాను."

"ఆ మిట్టకి మీరంటే భయం."

ఇంత చిన్న నూనె పనికి మామయ్య సెలవులన్నీ తీసుకునేవాడు. పైగా ఆ రోజుల్లో ఒక వింత పని చేసేవాడు. తళతళలాడే కొత్త పళ్ళ బిళ్ళ ఒకటి ఎక్కణ్ణుంచో తెప్పించి, వాడి తీసేసిన నల్ల నూనెలో మసి కలిపి, అందులో నానబెట్టేవాడు. రోజూ పొద్దున్నే తీసి చూసి, ఇంకా మెరుస్తోందని మళ్ళీ ముంచేవాడు.

"బంగారంలాంటి బిళ్ళని ఎందుకు మామయ్యా అలా పాడుచేస్తావు?" అని మేనకోడలు అడిగింది.

"మెరుపు కళ్ళకి మంచిది కాదమ్మాయ్."

ఇది ఎవరి సైకిలుకో ఆయన చెప్పలేదు. ఆమె దాన్ని కూడా క్యాలెండరు ఖాతాలో వేసుకుంది.

ఈ ఏడు సెలవులు ఇంకా పది రోజులుండగా మామయ్య ఇంటి తలుపుకి కొత్త తాళం కొన్నాడు. పాత తలుపుకి అది పట్టలేదు. సహజంగానే ఆయన తాళాన్ని ఒప్పించడానికి కూర్చున్నాడు. ఆ తాళానికి పెంపకం మరీ తక్కువ. ఎగిరి వచ్చి కుడి బొటనవేలు కోసింది. డాక్టరు నాలుగు కుట్లు వేసి, గుమ్మడి పిందెంత కట్టు కట్టి, పది రోజులు ఆకురాయి పట్టుకోవద్దన్నాడు. షాపుకి వెళ్ళనిస్తే పట్టుకోకుండా ఉండడని అత్తయ్య ఆయన చెప్పులు దాచేసింది. ఇంటి నుంచి ఒక్క కబురు మాత్రం వచ్చింది. మేష్టారి చక్రం ముట్టుకోవద్దు, నేనొచ్చాక చూస్తాను.

మేనకోడలికి ఆ కబురు నచ్చలేదు. మూడేళ్ళుగా పనిచేస్తున్న తనకి చక్రం విప్పి నూనె వెయ్యడం కూడా రాదా? శనివారం పొద్దున మేష్టారు స్వయంగా వచ్చి నిలబడ్డారు.

"సోమవారం బడి తెరుస్తారమ్మా. నడిచి వెళ్ళలేను, తెలుసు కదా."

"సాయంత్రానికి ఇచ్చేస్తాను మేష్టారూ," అని ఆమె చీటీలోని ఖాళీ మొదటిసారి నింపింది.

చక్రం విప్పి చూసి ఆమె నొచ్చుకుంది. ప్రతి సైకిలుకీ ఉన్నట్టే మేష్టారి సైకిలుకీ మామయ్య చేతిరాతతో ఒక పాత అట్ట ఉంది. 'అయిదు బిళ్ళలు. పెద్దదానికి ఇరవై నాలుగు పళ్ళు. ఏమీ మార్చకూడదు.' చక్రం మీద ఉన్నది మాత్రం వేరే. పెద్ద బిళ్ళకి ముప్పై నాలుగు పళ్ళు, అవీ అరిగి కొక్కేల్లా వంగాయి. బిళ్ళల మధ్య పొంతన లేని వాషర్లు. గొలుసుకి అదనపు లింకులు. చేతికి దొరికిన ముక్కలన్నీ అరగదీసి ఎక్కించి, పాపం ఆ పెద్దాయన సైకిలుని మామయ్య అతుకుల బొంత చేశాడని ఆమెకి అనిపించింది.

అటక మీద వెతికితే అదృష్టం కలిసొచ్చింది. మైనం కాగితం కూడా విప్పని పాతకాలపు బిళ్ళల సెట్టు, అట్ట మీద రాసినట్టే అయిదు, పెద్దదానికి ఇరవై నాలుగు పళ్ళు, తొమ్మిది నాలుకలూ సమానం. హబ్బు మీద పెట్టగానే అన్నీ సాఫీగా దిగాయి. దేన్నీ ఒప్పించే పని లేకపోయింది. అదనపు లింకులు తీసేసి గొలుసు బిగించింది. నలభై ఏళ్ళ క్రితం ఎలా ఉందో అలా తయారైంది చక్రం. సాయంత్రం మేష్టారు తీసుకెళ్ళిపోయారు. ఆ ఆదివారం ఆమె చాలా ప్రశాంతంగా నిద్రపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

సోమవారం పొద్దున అత్తయ్య చెప్పులు ఇచ్చేసింది. మామయ్య షాపులోకి రాగానే మేష్టారి సైకిలు ఉండాల్సిన మూల వంక చూశాడు.

"ఏదమ్మాయ్?"

"ఇచ్చేశాను మామయ్యా. నూనె వేసి, శుభ్రం చేసి. పెద్ద బిళ్ళ బాగా అరిగిపోయిందిలే, మార్చాను."

"ఎన్ని పళ్ళది?"

"ఇరవై నాలుగు. అట్టలో ఉన్నట్టే. అసలుది," అందామె గర్వంగా.

మామయ్య స్టూలు మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన బొటనవేలు ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది.

"ఇరవై నాలుగుతో ఎక్కడం ఆయనకి అయిదేళ్ళ క్రితమే గండమైపోయిందమ్మా," అన్నాడు. "ఆ ఏడు చక్రం తెచ్చినప్పుడు మోకాలికి గుడ్డ చుట్టుకుని వచ్చారు. ఏమీ మార్చకు అన్నారు. కొత్త చక్రం వేస్తే తెలిసిపోతుంది కదా. అదే చక్రం కనిపించాలి, అదే గేరు కనిపించాలి. అందుకని ఏడాదికి రెండు పళ్ళు. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, అలా. ఆ మోకాలు ఏడాదికి రెండు పళ్ళు అరుగుతోంది."

"మసి నూనె..."

"ఈ ఏడుకి ముప్పై ఆరు తెప్పించాను. ఆ డబ్బాలో నానుతోంది. ఇంతలో ఈ వేలు."

పాతదాన్ని పాతదని అనకు, వింటుంది. మూడేళ్ళుగా ఆమె నవ్వుకున్న మాట ఇప్పుడు మొదటిసారి సరిగ్గా వినపడింది. మామయ్య ఇంతకాలం కాపాడుతున్నది చక్రాన్ని కాదు. మేష్టారు ఈపాటికి కల్వర్టు చేరి ఉంటారు. మిట్ట మధ్యలో కాలు ఆనిందంటే ఆయన బడి, చాక్‌పీసు, ఆ ఇస్త్రీ చొక్కా, అన్నీ అక్కడితో సరి. దానికి కారణం తానే.

చేతికందిన సైకిలు తీసింది. అది బేకరీ ఆయనదే, ఇంకా ఒప్పుకోలేదు గాని చదును మీద నడుస్తుంది. మామయ్య వెనక క్యారియరు మీద ఎక్కి, కుట్లకి దెబ్బ తగలకుండా బొటనవేలు పైకెత్తి పట్టుకున్నాడు. ఆకురాయి మామయ్య బొటనవేలు ఎత్తి చూపిస్తూ వీధిలో వెళ్తున్నాడంటే ఏదో శుభవార్త అయ్యుంటుందని జనం కూడా నవ్వుతూ బొటనవేళ్ళు ఎత్తారు. మామయ్య ఎవరినీ పలకరించకుండా, ముఖం గంభీరంగా పెట్టుకుని అందరి మధ్య నుంచీ సాగిపోయాడు.

మేష్టారు మిట్ట మీద లేరు. కల్వర్టుకి ఇవతల, పిట్టగోడ మీద, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని ఉన్నారు. సైకిలు పక్కన ఆనించి ఉంది.

"మిట్ట కల్వర్టుకి అవతల మొదలవుతుంది," అన్నారు వీళ్ళు అడగకముందే. "నా కాలు ఇవతల ఆనింది."

"అవును మేష్టారూ. చాలా ఇవతల," అన్నాడు మామయ్య.

"వెనక చక్రంలో ఏదో చప్పుడు మేస్త్రీ. ఎక్కే ముందు ఒకసారి చూపిద్దామని ఆగాను. నువ్వే వచ్చావు."

మామయ్య వంగి చక్రం తిప్పాడు. చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. "అవునండీ, చప్పుడుంది. నూనె తక్కువైంది. మా అమ్మాయి చూసుకోలేదు."

"పిల్లనేమీ అనకు. బడి గంటకి ఇంకా నలభై నిమిషాలుంది."

ముగ్గురూ సైకిళ్ళు నడిపించుకుంటూ షాపుకి వచ్చారు. పెద్దవాళ్ళిద్దరూ బెంచీ మీద కూర్చుని ఈ ఏడు ఎండల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మేనకోడలు మసి నూనెలోంచి ముప్పై ఆరు పళ్ళ బిళ్ళ తీసి తుడిచింది. ముప్పై ఏళ్ళ వయసున్నట్టే ఉంది. దాని తొమ్మిదో నాలుక ఇంకా వెడల్పుగానే ఉంది. బిళ్ళని వైసులో బిగించి, ఇన్నాళ్ళూ వెక్కిరించిన ఆకురాయి చేతిలోకి తీసుకుంది.

ఇనుము అంత తొందరగా వినదు. నాలుగు రాపిళ్ళకోసారి తీసి హబ్బు మీద పెట్టి చూసింది. ఎనిమిది దిగుతున్నాయి, తొమ్మిదోది ఆగుతోంది. అరచేయి మండుతోంది.

"ఒప్పుకుందా అమ్మాయ్?" అని బెంచీ మీద నుంచి మామయ్య అడిగాడు.

"ఇంకా ఒప్పుకోలేదు," అంది ఆమె తల ఎత్తకుండా.

మరో అయిదు నిమిషాలకి చిన్న చప్పుడు చేసి బిళ్ళ హబ్బు మీద కూర్చుంది. మొత్తం పావుగంట పని. దీనికి సెలవులన్నీ ఎందుకు పట్టేవని ఆమె మామయ్యని పక్కకి పిలిచి అడిగింది.

"తొందరగా ఇచ్చేస్తే మార్చేశాననుకుంటారమ్మా," అని మామయ్య సరిపడే వాషర్ల కోసం వెనక గదిలోకి వెళ్ళాడు.

అప్పుడు మేష్టారు లేచి బల్ల దగ్గరికి వచ్చారు. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే ఆ గొంతు ఎంత చిన్నగా మాట్లాడగలదో ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఒక లెక్క చెప్పు. ఇరవై నాలుగు పళ్ళకి ఆ మిట్ట రెండు వందల నలభై తొక్కుళ్ళు. ముప్పై ఆరు పళ్ళకి ఎన్ని?"

ఆమె చేతిలోని గొలుసు అలాగే ఉండిపోయింది. "మూడు వందల అరవై మేష్టారూ."

"చక్కటి అంకె. పోయిన ఏడు మూడు వందల నలభై. అంతకుముందు మూడు వందల ఇరవై." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఈ పొద్దున్న మార్కెట్టు వంతెన ఎక్కడానికి పన్నెండు తొక్కుళ్ళు రావాలి. ఎనిమిదిన్నరే వచ్చాయి. అప్పుడే అనుకున్నాను, చక్రం మీద మీ మామయ్య చెయ్యి పడలేదని."

"మీకు మొదటి నుంచీ తెలుసా?"

"లెక్కల మేష్టారికి రెండు వందల నలభై రెండు వందల అరవై అయితే తెలియదా? మొదటి ఏడు వెళ్ళి దెబ్బలాడదామనుకున్నాను. కాని ఆ నాలుక అరగదీసిన తీరు చూశాను, దానికి పట్టించిన మసి చూశాను. నాకు తెలియకూడదని ఒక మనిషి అంత కష్టపడుతుంటే తెలిసిందని చెప్పడం మర్యాద కాదు." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆయనకి చెప్పకు. బాధపడతాడు."

మామయ్య వాషర్లతో వచ్చేసరికి మేష్టారు మళ్ళీ బెంచీ మీద కూర్చుని ఎండల గురించే ఆలోచిస్తున్నారు. మేనకోడలు తీసేసిన లింకులు తిరిగి కలిపి గొలుసు ఎక్కించింది.

"ఏమీ మార్చలేదు కదా మేస్త్రీ?" అన్నారు మేష్టారు సైకిలు అందుకుంటూ.

"నేను మారుస్తానా మేష్టారూ?"

ఆ పొద్దున మామయ్యా మేనకోడలూ షాపు వదిలేసి కల్వర్టు దాకా వెంట వెళ్ళారు. మేష్టారు మిట్ట ఎక్కడం మొదలుపెట్టారు. వేగం లేదు, తొణుకు లేదు. ఇస్త్రీ చొక్కా నిటారుగా, చిన్నగా అవుతూ పైకి పోతోంది. మేనకోడలు మనసులో లెక్కపెట్టింది. మూడు వందల దగ్గర ఆమె ఊపిరి బిగపట్టింది. మూడు వందల నలభై దగ్గర సైకిలు కొంచెం ఊగి, మళ్ళీ నిలదొక్కుకుంది. సరిగ్గా మూడు వందల అరవైకి చొక్కా బడి గేటులోకి మలుపు తిరిగింది, పైనుంచి గంట వినపడింది.

మామయ్య గట్టిగా ఊపిరి వదిలి, కట్టు కట్టిన వేలితోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ తిరుగుదారి పట్టారు.

"నాలుక బాగా అరగదీశావమ్మాయ్," అన్నాడు నడుస్తూ. "కాని వెనక ఇక చోటు లేదు. వచ్చే ఏడు పెడళ్ళ దగ్గరుండే ముందు పళ్ళచక్రం చిన్నది చెయ్యాలి. దాన్ని ఇప్పటి నుంచే ఒప్పించాలి."

"మేష్టారికి తెలిసిపోతుందేమో మామయ్యా."

మామయ్య ఆగి, ఆమె అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు చూశాడు.

"ఆయనకెలా తెలుస్తుందమ్మా? లెక్కల మనిషి. సైకిళ్ళ సంగతి ఆయనకేం తెలుసు?"

అవును మామయ్యా అంది మేనకోడలు, మామయ్య దగ్గరే నేర్చుకున్న గంభీరమైన ముఖంతోనే.